పాత గూడ్స్ వ్యాన్‌కు బ్రేక్ ప్యాడ్లు: ఎప్పుడు మార్చాలి, ఎలాంటివి ఎంచుకోవాలి?

మదనపల్లె మార్కెట్‌కు టమాటా ట్రేలు, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, దగ్గరి రైతుబజార్‌కు ఆకుకూరల మూటలు తోలే చిన్న రైతుల్లో చాలామంది సెకండ్ హ్యాండ్ బండ్ల మీదే ఆధారపడుతున్నారు. టాటా ఏస్, బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటి ఈ బండ్లు పదేళ్లు దాటినా ఇంజిన్ బాగుంటే పని చేస్తూనే ఉంటాయి. ఇంజిన్ ఆగితే సరుకు ఆలస్యమవుతుంది, అంతే. బ్రేకు పట్టకపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అయినా బ్రేక్ ప్యాడ్ల దగ్గరకు వచ్చేసరికి చాలామంది అడిగేది రెండే ప్రశ్నలు: 'ఎంతకిస్తావు? ఎన్నాళ్లు వస్తుంది?' ఈ రెండింటినే చూసి కొంటే పాత బండికి నష్టం ఎందుకు జరుగుతుందో, ఏం చూసి కొనాలో ఇక్కడ తెలుసుకుందాం.

ప్యాడ్ చేసే పని

ఈ రకం బండ్లకు ఎక్కువగా ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులు ఉంటాయి. పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు వచ్చి, రెండు ప్యాడ్ల మధ్య డిస్క్‌ను నొక్కిపడుతుంది. ప్యాడ్ అంటే ఒక ఇనుప రేకు, దాని మీద అతికించిన రాపిడి పదార్థం. అరిగేది ఆ పదార్థమే.

బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. కాబట్టి బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుల మీదే పడుతుంది. బండి వేగమంతా అక్కడ వేడిగా మారుతుంది. బండి బరువుకు సమానమైన సరుకు వేస్తే ఆ వేడి రెట్టింపు అవుతుంది. వేగం 60 నుంచి 80 కిలోమీటర్లకు పెరిగితే దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఖాళీ బండిలో బాగానే పట్టిన ప్యాడ్ లోడు మీద పట్టకపోవడానికి కారణం ఇదే.

ఒక చిన్న లెక్క చూడండి. 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ఎదురుగా గేదె అడ్డం వచ్చిందని చూసి కాలు బ్రేకు మీద పెట్టేసరికి ఒక సెకను పోతుంది. ఆ తర్వాత బ్రేకు గట్టిగా పడితే పొడి రోడ్డు మీద సుమారు 23 మీటర్లలో బండి ఆగుతుంది. పట్టు మూడో వంతు తగ్గితే 35 మీటర్లు కావాలి. తేడా 12 మీటర్లు, అంటే మూడు బండ్ల పొడవు. ప్రమాదం తప్పడమో జరగడమో తేలేది ఆ 12 మీటర్లలోనే.

ప్యాడ్లు అయిపోతున్నాయని ఎలా తెలుస్తుంది?

- బ్రేకు వేసినప్పుడు కీచుమని సన్నని శబ్దం. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ప్యాడ్ అరిగే కొద్దీ అది డిస్క్‌కు తగిలి ఇలా హెచ్చరిస్తుంది.
- గరగరమనే మొరటు శబ్దం. రాపిడి పదార్థం పూర్తిగా పోయి ఇనుము ఇనుముకు రాసుకుంటోందని అర్థం. ఆ బండిని లోడుతో రోడ్డు ఎక్కించకూడదు.
- ట్యాంకులో బ్రేక్ ఆయిల్ తగ్గుతూ ఉండటం. ప్యాడ్ అరిగితే పిస్టన్ బయటికి జరిగి ఆయిల్ మట్టం కొద్దిగా దిగుతుంది. త్వరగా దిగుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.
- బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం.
- పెడల్ మామూలు కంటే లోపలికి పోవడం, లేదా స్పాంజిలా మెత్తగా ఉండటం. ఇది ఎక్కువగా ప్యాడ్ వల్ల కాదు. ఆయిల్‌లో గాలి చేరినా, లీకు ఉన్నా ఇలా అవుతుంది.

శబ్దం వచ్చేదాకా ఆగకుండా, చక్రం విప్పిన ప్రతిసారీ ప్యాడ్ మందం చూడండి. ఇనుప రేకును లెక్కలోకి తీసుకోకుండా రాపిడి పదార్థం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే. ఘాట్ రోడ్ల మీద, పూర్తి లోడుతో తిరిగే బండికి ఇంకా ముందే మార్చడం మంచిది. పలచబడిన ప్యాడ్ నుంచి వేడి సులువుగా పిస్టన్‌కు, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది.

ప్యాడ్లలో రకాలు

ఆర్గానిక్ ప్యాడ్లు: నార, రబ్బరు, రెజిన్ వంటి వాటితో చేస్తారు. మెత్తగా ఉంటాయి, శబ్దం తక్కువ, డిస్క్‌ను పెద్దగా తినవు. చల్లగా ఉన్నప్పుడు కూడా బాగా పడతాయి. కానీ త్వరగా అరుగుతాయి. బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఊరి నుంచి పక్కనే ఉన్న మండల కేంద్రానికి, చదును రోడ్ల మీద, ఒక మోస్తరు లోడుతో తిరిగే బండికి ఇవి సరిపోతాయి.

సెమీ మెటాలిక్ ప్యాడ్లు: ఉక్కు పీచు, ఇనుప పొడి కలిపి చేస్తారు. వేడిని బాగా తట్టుకుంటాయి. పాడేరు, అరకు, శ్రీశైలం వంటి ఘాట్ రోడ్ల మీద సరుకు దించే బండ్లకు, నిండు లోడుతో హైవే మీద దూరం పోయే బండ్లకు ఇవి నప్పుతాయి. కొంచెం శబ్దం ఉంటుంది. డిస్క్ మరికాస్త త్వరగా అరుగుతుంది. పొద్దున్నే మొదటి ఒకటి రెండు బ్రేకులు కాస్త మందంగా అనిపించవచ్చు.

సెరామిక్ ప్యాడ్లు: శబ్దం, దుమ్ము తక్కువ, ధర ఎక్కువ. ఇవి ముఖ్యంగా కార్ల కోసం వచ్చినవి. సరుకు బండికి వీటి కోసం అదనంగా ఖర్చు పెట్టాల్సిన పని లేదు.

రకం ఏదైనా, ముందుగా చూడాల్సింది మీ మోడల్‌కు కంపెనీ ఏ రకం ప్యాడ్ బిగించిందన్నదే. బండిలోని కాలిపర్, డిస్క్, వెనక బ్రేకు అన్నీ ఆ పట్టుకు తగ్గట్టే తయారయ్యాయి. పని కష్టమైనదైతే, అదే మోడల్‌కు పేరున్న తయారీదారు చేసిన సెమీ మెటాలిక్ రకం దొరుకుతుందేమో అడగండి.

'గట్టి ప్యాడ్ ఎక్కువ రోజులు వస్తుంది' అనే మాట

దుకాణంలో తరచూ వినిపించే మాట ఇది. గట్టిదనం వేరు, పట్టు వేరు. నాసిరకం ప్యాడ్‌లో రాపిడి పదార్థం రాయిలా ఉంటే అది అరగదు, నిజమే. కానీ బండిని సరిగ్గా ఆపదు కూడా. మీరు పెడల్‌ను మరింత గట్టిగా తొక్కాల్సి వస్తుంది. పైగా ప్యాడ్ అరగకుండా డిస్క్ అరుగుతుంది. డిస్క్ ధర ప్యాడ్ల కంటే ఎక్కువ, మార్చే కూలీ కూడా ఎక్కువే.

ఉదాహరణకు, ఒక జత ప్యాడ్లు రూ.600కు వచ్చాయనుకోండి, ఇంకో జత రూ.1,200. చవకవి కొని రూ.600 మిగిలాయని సంతోషిస్తే, ఏడాది తిరిగేసరికి రెండు డిస్కులు మార్చాల్సి వచ్చినప్పుడు ఆ మిగులు ఎన్నో రెట్లు వెనక్కి పోతుంది. కాబట్టి ప్యాడ్ ఒక్కదాని ధర చూడకండి. ప్యాడ్, డిస్క్, కూలీ కలిపి ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఖర్చవుతోందో చూడండి. ప్యాడ్లు మార్చిన రోజున మీటర్ రీడింగు, ప్యాడ్ పేరు, ధర ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకుంటే రెండోసారికే మీకు లెక్క తేలుతుంది.

ప్యాడ్ మీద ఉండే అక్షరాలు

చాలా ప్యాడ్ల అంచు మీద లేదా వెనక రేకు మీద తయారీదారు కోడ్ ఉంటుంది. కొన్నింటి మీద ఆ కోడ్ చివర 'ఈఎఫ్', 'ఎఫ్‌ఎఫ్', 'జీజీ' లాంటి రెండు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టును, రెండోది బాగా వేడెక్కినప్పటి పట్టును తెలుపుతాయి. 'ఈ' అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55.

మొదటి అక్షరం కంటే రెండోది తక్కువ స్థాయిలో ఉంటే, వేడెక్కినప్పుడు పట్టు తగ్గుతుందని అర్థం. ఘాట్ దిగే బండికి అలాంటిది వద్దు. అలాగని పెద్ద అక్షరం ఉన్నదే మంచిదని కూడా అనుకోకూడదు. కంపెనీ బిగించిన దానికంటే పట్టు మరీ ఎక్కువైతే తడి రోడ్డు మీద ముందు చక్రాలు బిగుసుకుపోయి బండి జారవచ్చు. ఈ అక్షరాలు పట్టును మాత్రమే చెబుతాయి. ప్యాడ్ ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పవు. మొదటిసారి బిగించిన ఒరిజినల్ ప్యాడ్ మీద ఏముందో చూసి, దానికి సరిపోయేదే అడగండి.

దుకాణంలో చూడాల్సినవి

1. ఆర్‌సీ, చాసిస్ నంబరు వెంట తీసుకెళ్లండి. ఒకే పేరున్న బండిలో సంవత్సరాన్ని బట్టి, మోడల్‌ను బట్టి కాలిపర్ మారి ఉండవచ్చు. 'ఏస్ ప్యాడ్లు ఇవ్వండి' అంటే సరిపోదు.

2. వీలైతే పాత ప్యాడ్లు పక్కన పెట్టి పోల్చండి. ఆకారం, పొడవు, చెవుల కొలత, క్లిప్పులు బిగించే చోటు అన్నీ కలవాలి. కొంచెం తేడా ఉంటే మెకానిక్ గ్రైండర్‌తో అరగదీసి కూర్చోబెడతానంటాడు. ఒప్పుకోకండి. కాలిపర్‌లో ప్యాడ్ బిగుసుకుంటే బ్రేకు వదలదు. వదులుగా ఉంటే కొట్టుకుంటుంది.

3. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. అక్షరాలు చెరిగినట్టున్నా, పేరులో ఒక అక్షరం తేడాగా ఉన్నా, ధర మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉన్నా అనుమానించండి. హోలోగ్రామ్ లేదా స్కాన్ చేసే కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి.

4. ప్యాడ్‌ను చేత్తో పట్టుకుని చూడండి. రాపిడి పదార్థానికీ ఇనుప రేకుకూ మధ్య సందు కనిపించకూడదు. అంచులు పొడిపొడిగా రాలకూడదు. పగుళ్లు ఉండకూడదు. చెమ్మలో నిల్వ ఉండి రేకు తుప్పు పట్టిన ప్యాడ్ వద్దు. తుప్పు లోపలికి పాకితే బ్రేకు వేసినప్పుడు పదార్థం ఊడిపోయే ప్రమాదం ఉంది.

5. 'ఆస్బెస్టాస్ రహితం' అని రాసి ఉన్నవే తీసుకోండి. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత కేన్సర్‌కు దారి తీయవచ్చు. మీకే కాదు, రోజూ ఆ దుమ్ములో పనిచేసే మెకానిక్‌కూ ముప్పే.

6. పాత రేకుకే కొత్త పదార్థం అతికించిన డిస్క్ ప్యాడ్లు కొనకండి. వెనక డ్రమ్ షూలకు లైనర్లు మార్చడం మన దగ్గర మామూలే. మంచి షాపులో చేయిస్తే ఇబ్బంది లేదు. కానీ డిస్క్ ప్యాడ్ మీద పడే వేడి, ఒత్తిడి చాలా ఎక్కువ.

7. బిల్లు తప్పకుండా తీసుకోండి. నకిలీ అని తేలితే బిల్లు లేకుండా అడగడం కష్టం. దుకాణదారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

పాత బండిలో ప్యాడ్ ఒక్కటి మారిస్తే చాలదు

కొత్త ప్యాడ్లు వేసిన నెలకే మళ్లీ అరిగిపోయాయంటే తప్పు ఎక్కువగా ప్యాడ్‌లో ఉండదు. పాత ప్యాడ్లను పారేయకుండా, అవి అరిగిన తీరు చూడండి.

లోపలి ప్యాడ్ పలచగా, బయటి ప్యాడ్ మందంగా ఉంటే కాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుపోయాయని అనుమానించాలి. పొలం బురద, నీళ్లు చేరితే ఇలా అవుతుంది. పొటాష్, యూరియా బస్తాలు తోలే బండ్లలో రాలిన ఎరువు చెమ్మతో కలిసి ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. ఎరువు దింపిన రోజున బండి కింది భాగాన్ని, చక్రాల లోపలి వైపును మంచినీళ్లతో కడగడం అలవాటు చేసుకోండి.

ఒక చక్రం ప్యాడ్లు అరిగి, రెండో చక్రానివి అలాగే ఉంటే పిస్టన్ ఇరుక్కుని ఉండవచ్చు, లేదా రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి వదలకపోవచ్చు. పాత గొట్టాన్ని కొద్దిగా వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే.

డిస్క్ మీద గోరుకు తగిలేంత లోతు గాడులు, నీలి మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో చూడండి. చాలా డిస్కుల అంచున కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. అంతకంటే పలచబడితే మార్చాలి. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్, పెడల్ వణుకుతుంటే డిస్క్ ఎగుడుదిగుడుగా అరిగి ఉంటుంది.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఎక్కువ లోడు వేయడానికి వెనక కమాన్లకు అదనపు పట్టీలు వేయిస్తారు. కొన్ని బండ్లలో వెనక ఆక్సిల్ దగ్గర ఒక వాల్వు ఉంటుంది. లోడుకు వెనక భాగం ఎంత కిందికి దిగిందో చూసి, వెనక బ్రేకులకు అంత ఒత్తిడి పంపడం దాని పని. పట్టీలు ఎక్కువైతే లోడు వేసినా బండి దిగదు. బండి ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వు వెనక బ్రేకును తగ్గిస్తుంది. దాంతో భారమంతా ముందు ప్యాడ్ల మీద పడి అవి త్వరగా కాలిపోతాయి. మీ బండికి అదనపు పట్టీలు ఉంటే, ఆ వాల్వు ఉందో లేదో, సరిగ్గా సర్ది ఉందో లేదో సర్వీస్ సెంటర్‌లో చూపించండి. వెనక షూలు, వీల్ సిలిండర్ల లీకు కూడా అదే రోజు చూపించండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఘాట్‌లో ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ నేలకు తగులుతుంది. మంచి ప్యాడ్లు ఉన్నా అప్పుడు ప్రయోజనం ఉండదు. రెండేళ్లకు ఒకసారి ఆయిల్ పూర్తిగా మార్పించండి. మూత మీద రాసిన రకమే పోయండి. ఇంజిన్ ఆయిల్ గానీ, స్టీరింగ్ ఆయిల్ గానీ ఒక్క చుక్క కూడా కలపకూడదు. రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం బ్రేకు పాడవుతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి

- రెండు ముందు చక్రాలకూ ఒకేసారి, ఒకే రకం ప్యాడ్లు వేయించండి. ఒక పక్కే మారిస్తే బండి పక్కకు లాగుతుంది.
- బ్రేకు దుమ్మును గాలి పైపుతో, నోటితో ఊదనివ్వకండి. తడి గుడ్డతో తుడిపించండి.
- డిస్క్‌ను డీజిల్‌తో కడగకూడదు. జిడ్డు మిగిలిపోతుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడాలి.
- వేడిని తట్టుకునే గ్రీజును పిన్నులకు మాత్రమే రాయాలి. ప్యాడ్ ముఖానికి, డిస్క్‌కు గ్రీజు తగలకూడదు. నూనె లేదా గ్రీజు పీల్చిన ప్యాడ్‌ను కాల్చి, గీకి మళ్లీ వాడటం ప్రమాదం.
- పని అయ్యాక, బండి కదిలించకముందే పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. పిస్టన్‌ను వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటి తొక్కుడుకు బ్రేకు అసలు పడదు. షెడ్డులోంచి వెనక్కి తీస్తూ గోడకు గుద్దుకునేది ఇక్కడే.

తర్వాత ఖాళీ రోడ్డు మీద, ఖాళీ బండితో 50 కిలోమీటర్ల వేగం నుంచి 20కి మెల్లగా తగ్గించండి. మధ్యలో కొంత దూరం బ్రేకు వేయకుండా నడిపి చల్లారనివ్వండి. ఇలా పది, పదిహేనుసార్లు చేస్తే ప్యాడ్ డిస్క్‌తో సరిగ్గా కలుస్తుంది. మొదటి 200 కిలోమీటర్ల వరకు నిండు లోడుతో ఘాట్ దిగకండి. అత్యవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వేయకండి.

ప్యాడ్ ఎంత మంచిదైనా నడిపే తీరు ముఖ్యం

ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపేయడం, న్యూట్రల్‌లో వదిలేయడం కొందరికి అలవాటు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు తోడ్పడే వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోతుంది. పెడల్ రాయిలా గట్టిపడుతుంది. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ పట్టు పోయి భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. దిగడం మొదలుపెట్టక ముందే రెండో గేరు లేదా మూడో గేరు వేసుకోండి. బ్రేకును అదే పనిగా తొక్కి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా తొక్కి తగ్గించి వదిలేయండి. కాలిన వాసన వచ్చినా, పట్టు తగ్గినట్టనిపించినా సురక్షితమైన చోట ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, చల్లారేదాకా ఆగండి. ఎర్రగా కాలిన డిస్క్ మీద నీళ్లు పోస్తే అది వంకరపోతుంది, పగలవచ్చు.

వాగు దాటినా, బురదలో దిగినా రోడ్డెక్కగానే నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు తేలికగా బ్రేకు వేసి తడి ఆరనివ్వండి.

ఎప్పుడు చూపించాలి?

బండిని బ్రేకుల కోసం షెడ్డుకు తీసుకెళ్లాల్సింది పంట కోతకు రెండు వారాల ముందు. కోతలు మొదలయ్యాక మార్కెట్‌కు పోయే రోజున శబ్దం వస్తే, పక్క ఊరి దుకాణంలో ఏది దొరికితే అదే బిగించి పంపుతారు. నాసిరకం, సరిపోని ప్యాడ్లు ఎక్కువగా పడేది అప్పుడే. మిర్చి రైతు సంక్రాంతికి ముందే, మామిడి రైతు మార్చిలోనే ఒకసారి చక్రాలు విప్పి చూపించుకోవడం మంచిది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఆ పరీక్ష తేదీకి ముందు చేయించుకునే తనిఖీని పంట కాలానికి ముందుకు జరుపుకుంటే రెండు పనులూ ఒకే ఖర్చుతో అవుతాయి.

గుర్తుంచుకోవాల్సినవి

- 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. శబ్దం కోసం ఎదురుచూడకూడదు.
- చాసిస్ నంబరును బట్టి, మీ రోడ్డునూ లోడునూ బట్టి ప్యాడ్ ఎంచుకోవాలి.
- ధర ఒక్కటే కాదు, డిస్క్ ఎంత అరుగుతుందో కూడా లెక్కేసుకోవాలి.
- రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. డిస్క్, పిన్నులు, గొట్టాలు, వెనక షూలు, ఆయిల్ కూడా చూడాలి.
- బిల్లు, ప్యాకెట్, పాత ప్యాడ్లు కొత్తవి కుదురుకునేదాకా దాచుకోవాలి.
- కదిలే ముందు పెడల్ తొక్కి చూడాలి.